స్కేలక్క చేతిగీత

కెటిళ్ళు తయారుచేసే ఆ ఫ్యాక్టరీలో ఆవిడని పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. గేటు దగ్గర కాపలా కాసే పెద్దాయన నుంచి యజమాని దాకా అందరికీ ఆవిడ స్కేలక్కే. ఆ పేరు ఊరికే రాలేదు. చేతిలో అడుగు పొడవు స్టీలు స్కేలు లేకుండా ఆవిడని చూసినవాళ్ళు లేరు. గీతలు గీయడానికి సరే, బిస్కెట్ ప్యాకెట్ చింపడానికీ, వీపు గోక్కోవడానికీ, ఎవరైనా తన బల్ల మీద టీ కప్పు పెట్టబోతే వేళ్ళ మీద ఒక్కటివ్వడానికీ కూడా అదే.

ఆ ఫ్యాక్టరీలో ఏ వస్తువు తయారైనా, కెటిల్ కానీ ఇస్త్రీపెట్టె కానీ నీళ్ళ జగ్గు కానీ, ముందు ఆవిడ చేతి కింద గీతలుగా పుట్టాల్సిందే. ముందు నుంచి ఒక బొమ్మ, పక్క నుంచి ఒకటి, పై నుంచి ఒకటి. పక్కనే కొలతలు, మిల్లీమీటర్లతో సహా. అచ్చులు చేసేవాళ్ళు ఆ డ్రాయింగు అందుకుని మారుమాట లేకుండా పని మొదలుపెట్టేవారు. కాగితం చుట్టూ నాలుగు వైపులా హద్దు గీత గీసుకోవడం ఆవిడ మొదటి పని. ఆ హద్దు లోపలే లోకమంతా ఉండాలి. హద్దు దాటి పెన్సిల్ మచ్చ పడిందంటే ఆ కాగితం చిత్తుబుట్టలోకే. తర్వాత కంప్యూటర్లు వచ్చినప్పుడు చాలామంది బెంబేలెత్తిపోయారు కానీ ఆవిడ చలించలేదు. కంప్యూటర్ కూడా స్కేలు పట్టుకుని పుట్టిందే కదా, ఇద్దరికీ చక్కగా పొత్తు కుదిరింది.

ఇన్నేళ్ళలో ఒక్క గీత కూడా ఒట్టి చేత్తో గీయలేదు. గీయాల్సిన అవసరం రాలేదని ఆవిడ అంటుంది. గీయాలంటే భయమని మనం అనుకోవచ్చు.

ఒకరోజు మధ్యాహ్నం డిజైన్ సార్ ఆవిడని తన గదిలోకి పిలిచి తలుపు వేశాడు. ఆయన ఆవిడకంటే చాలా చిన్నవాడు, బక్కపలచని మనిషి, గట్టిగా మాట్లాడితే ఎదుటివాళ్ళకి నొప్పి పుడుతుందేమో అన్నట్టు మాట్లాడతాడు. అలాంటి మనిషి తలుపు వేశాడంటేనే ఏదో ఉందని ఆవిడకి తెలిసిపోయింది.

"అక్కా, కూర్చోండి. యజమాని గారు ఒక మాట చెప్పమన్నారు. కొలతల డ్రాయింగులు ఇకమీదట బయట చేయించుకుంటారట. ఈ డిజైన్ గదిలో ఉండేవాళ్ళు, కొనడానికొచ్చినవాళ్ళ ఎదురుగా కూర్చుని, వాళ్ళు అడుగుతుంటే అక్కడికక్కడే బొమ్మ గీసి చూపించాలట."

"కంప్యూటర్ ముందు కూర్చోబెట్టుకునా సార్?"

"కాదక్కా. చేత్తో. కాగితం మీద."

ఆవిడ చేతిలో స్కేలు ఒళ్ళో పెట్టుకుంది. "గీయలేకపోతే?"

"ప్యాకింగ్ విభాగంలో మీకు చోటుంది. జీతం ఏమీ తగ్గదు. అట్టపెట్టెల డ్రాయింగులు చూసుకోవాలి." ఆయన తల దించుకుని పెన్ను మూత తీసి పెట్టాడు, మళ్ళీ తీశాడు. "కొత్త కెటిల్ కోసం అతిథిగృహాలు నడిపే ఒకావిడ వస్తున్నారు. ఎండలు తగ్గాక. ఆ రోజు ఆవిడ ముందు మిమ్మల్నే కూర్చోబెడతానని చెప్పాను. అప్పటిదాకా నేర్చుకోవడానికి టైముంది. మీరు చేయగలరక్కా."

చేయగలరని ఆయన నమ్మి అన్నాడో, మంచితనం కొద్దీ అన్నాడో ఆవిడకి అర్థం కాలేదు.

జీతం తగ్గదు కదా, మరి ఏడుపెందుకు అని మీరు అడగొచ్చు. ఆవిడ భర్త కూడా అదే అడిగాడు. ఆయన రొట్టెల ఫ్యాక్టరీలో వాను నడుపుతాడు, పొద్దున్నే దుకాణాలకి రొట్టెలు దించి వస్తాడు. దేనికీ కంగారు పడే రకం కాదు. ఇల్లు కాలిపోతున్నా ముందు టీ తాగి బయటికొస్తాడని వాళ్ళమ్మే అంటుంది.

"పోతే పోయిందిలేవే. అట్టపెట్టెలే నయం. వాటికి గుండ్రాలుండవు, వంకర్లుండవు. నీ స్కేలుతో హాయిగా బతికెయ్యొచ్చు," అన్నాడు.

ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆయనకేం తెలుసు? ప్యాకింగ్‌కి వెళ్ళేసరికి వస్తువు సంగతి అంతా తేలిపోయి ఉంటుంది. దాని చుట్టూ పెట్టె కట్టడమే మిగిలేది. డిజైన్ గది అలాంటిది కాదు. ఇంకా పుట్టని వస్తువు గురించి నలుగురు మనుషులు గొంతు చించుకుని పోట్లాడుకునే చోటది. మూత ఎటు తెరుచుకోవాలి, ముక్కు ఎంత వంగాలి, నీళ్ళు ఎంత దాకా ఉన్నాయో ఎలా కనపడాలి. ఆ పోట్లాటల్లో ఆవిడ పెద్దగా నోరు విప్పేది కాదు. కానీ ఆ గదిలో కూర్చుని ఆ మాటలు వింటూ గీయడమంటే ఆవిడకి ప్రాణం. ఆ మాట ఎవరితోనూ ఎప్పుడూ అనలేదు, అనాల్సి వస్తుందనీ అనుకోలేదు.

సరే, నేర్చుకోవాలి. ఎలా? ఇక్కడే మన స్కేలక్క అందరూ చేసే పనే చేసింది. నేర్చుకోవడానికి కావలసిన సరంజామా అంతా పోగేసింది. వస్తువుల బొమ్మలు గీయడం నేర్పే వీడియోలు కనపడినవన్నీ ఫోనులో దాచుకుంది. ఉచితంగా దొరికే పాఠాల పుస్తకాలు దించుకుంది. "మార్కర్లతో మెరుగులు", "పది నిమిషాల్లో పర్‌స్పెక్టివ్", "కొత్తవాళ్ళు చేసే తప్పులు", ఇలా ఒక్కోదానికీ ఒక్కో ఫోల్డరు. అందులో మళ్ళీ "ముందు చూడాల్సినవి", "తర్వాత చూడాల్సినవి", "తీరిగ్గా చూడాల్సినవి". బూడిదరంగు మార్కర్లు లేతవి నుంచి ముదురువి దాకా వరసగా కొనుక్కుంది. కాగితాలు మూడు రకాలు. మెత్తటి పెన్సిళ్ళు, గట్టి పెన్సిళ్ళు. ఇదంతా బల్ల మీద సర్ది చూసుకుంటే మనసుకి ఎంత నెమ్మదిగా ఉందంటే, సగం నేర్చేసుకున్నట్టే అనిపించింది. గీయడం ఒక్కటే తరువాయి. అది మాత్రం రోజూ రేపటికి జరుగుతూ వచ్చింది.

"ఏమే, ఆ రంగు పెన్నులు చూడ్డానికేనా, వాడతావా?" అంది అత్తగారు.

ఈ అత్తగారి గురించి ఒక మాట చెప్పాలి. ఆ మధ్యనే ఆవిడ రెండు కళ్ళలోనూ పొరలు తీయించుకుంది. ఏళ్ళ తరబడి లోకాన్ని మసకమసకగా చూసి, ఎలాగో సర్దుకుపోయిన మనిషి. పొరలు తీసేసరికి ఇంట్లో దుమ్ము, గోడల మీద చారలు, కొడుకు నెత్తి మీద బట్టతల, కోడలి కళ్ళ కింద నలుపు అన్నీ ఒక్కసారి కళ్ళబడ్డాయి. చూసింది చూసినట్టు చెప్పడం ఆవిడకి ముందునుంచీ అలవాటే. ఇప్పుడు కనపడేది కూడా ఎక్కువైంది. ఇంట్లోవాళ్ళ తల ప్రాణం తోకకి వస్తోంది.

ఆ మాట గుచ్చుకుని, మర్నాడు పొద్దున్నే స్కేలక్క కాగితం ముందేసుకుని కూర్చుంది. స్కేలు తీసి పక్కగదిలో పెట్టి వచ్చింది. ఒట్టి చేత్తో ఒక అడ్డగీత గీసింది. ఆ గీత వానపాములా మెలికలు తిరిగింది. ఇంకోటి గీసింది, అది మొదటిదానికంటే హీనంగా వచ్చింది. ఆవిడకి ఏడుపొచ్చినంత పనైంది. వయసులో నలభై దాటి, ఉద్యోగంలో అంత పేరు తెచ్చుకుని, ఇప్పుడు బళ్ళో చేరిన పిల్లలా గీతలు దిద్దుకోవాలి. అయినా దిద్దింది. కాగితం నిండా అడ్డగీతలు, ఇంకో కాగితం నిండా నిలువుగీతలు. మణికట్టు కదపకుండా భుజం నుంచి చెయ్యి ఆడించాలని ఒక వీడియోలో చూసి అలాగే చేసింది. కొన్నాళ్ళకి వానపాము కాస్త నిఠారుగా పడుకోసాగింది.

గీత కుదిరాక బొమ్మ. దీనికి మాత్రం ఆవిడ వీడియోలు నమ్మలేదు. వాళ్ళ నాన్న వాడిన పుస్తకం ఒకటి ఇంట్లో ఉంది. ఆయన కూడా డ్రాయింగులు గీసే ఉద్యోగమే చేసేవాడు, కాకపోతే కట్టడాలవి. నీళ్ళ ట్యాంకులు, గిడ్డంగులు, బడి భవనాలు. ఎదురుగా నిలబడి చూస్తే కట్టడం ఎలా కనపడుతుందో గీయడానికి ఆ పుస్తకంలో ఒక పద్ధతి చెప్పారు. కాగితం మీద ఎడమవైపు ఒక చుక్క, కుడివైపు ఒక చుక్క పెట్టుకోవాలి. దూరంగా వెళ్ళే గీతలన్నీ వెళ్ళి వెళ్ళి ఆ రెండు చుక్కల్లో కలవాలి. రైలు పట్టాలు దూరాన కలిసినట్టు కనపడతాయి చూడండి, అదే లెక్క. లెక్క అన్న మాట వినేసరికి ఆవిడకి ధైర్యం వచ్చింది. నాన్న పుస్తకం తప్పు చెప్పదు కూడా. ఎప్పటిలాగే కాగితానికి హద్దు గీసుకుంది, హద్దు లోపల ఆ చివర ఒక చుక్క, ఈ చివర ఒక చుక్క పెట్టుకుంది, మధ్యలో ముందు ఒక పెట్టె, ఆ పెట్టెలో కెటిల్ గీసింది. స్టీలు కెటిల్ కాబట్టి ఒళ్ళంతా బూడిదరంగు మార్కర్ పులిమింది. చెయ్యి ఎక్కడా వణకలేదు. దూరంగా పెట్టి చూసుకుని మురిసిపోయింది.

అత్తగారు వచ్చి కాగితం చేతిలోకి తీసుకుంది. కొత్త కళ్ళతో కిందికీ పైకీ చూసింది.

"బాగుందే. ఈ ట్యాంకు ఎక్కడ కడుతున్నారు?"

"అది ట్యాంకు కాదత్తయ్యా, కెటిల్."

"కెటిలా? దీని పక్కన నిలబడితే నేను చీమలా ఉంటాను. పైకెక్కడానికి నిచ్చెన గీయలేదేం?"

భర్త తొంగిచూసి పగలబడి నవ్వాడు. ఆవిడ ఆ కాగితం లాక్కుని, మూతి ముడుచుకుని, అలాగే ఫ్యాక్టరీకి పట్టుకెళ్ళింది. చదువుకున్నవాడికి చూపిస్తే తెలుస్తుంది కదా అనుకుంది. డిజైన్ సార్ చాలాసేపు చూశాడు.

"గీత చాలా బాగా కుదిరిందక్కా. నిజంగా. కానీ, ఎందుకో... పెద్దగా ఉంది."

"పెద్దగా ఎలా ఉంటుంది సార్? కొలతలు కొలిచి చూసుకోండి. అసలు కెటిల్‌లో సగానికి సగం గీశాను."

ఆయన నిజంగానే కొలిచాడు. సగమే ఉంది. కాగితం మీద జానెడు కూడా లేని బొమ్మ, చూస్తే మేడంత ఉంది. ఆయన స్కేలు ఆవిడకి తిరిగిచ్చేసి అన్నాడు.

"నాకు చెప్పడం సరిగ్గా రాదక్కా. నేను నేర్చుకున్నప్పుడు ఒకావిడ వీడియో పాఠాలు చూసేవాణ్ణి. వంటగది బల్ల దగ్గర కూర్చుని చెబుతారు. అందులో అగ్గిపెట్టె పాఠం ఒకటుంది, అది చూడండి."

ఇంటికొచ్చి వెతికితే ఏముంది, ఆ పాఠం ఆవిడ ఫోనులో ఎప్పట్నుంచో ఉంది. "తీరిగ్గా చూడాల్సినవి" ఫోల్డరులో మగ్గుతోంది. స్కేలక్క తన నెత్తి తనే మొట్టుకుంది.

వీడియోలో జుట్టు నెరిసిన ఒకావిడ అగ్గిపెట్టె చేత్తో పట్టుకుని ఉంది. దాన్ని ముక్కుకి ఆనించినంత దగ్గరగా తెచ్చి, ఒంటికన్నుతో చూడమంది. స్కేలక్క కూడా వంటింట్లోంచి అగ్గిపెట్టె తెచ్చుకుని చూసింది. అంత దగ్గర్నుంచి దాని అంచులు గబగబా ఒకదానికొకటి దగ్గరవుతూ ఎక్కడికో పారిపోతున్నాయి. ఇప్పుడు చెయ్యి చాచి దూరంగా పట్టుకోమంది. అంచులు దాదాపు సమాంతరంగా, బుద్ధిగా ఉన్నాయి. "మేడ మన ముందు పెద్దది, అందుకే దాని గీతలు దగ్గర్లోనే కలిసిపోతాయి. చేత్తో పట్టుకునే వస్తువు గీతలు ఎక్కడో చాలా దూరాన కలుస్తాయి. మీ కాగితం మీద కాదు. మీ బల్ల మీద కూడా కాదు. అవసరమైతే మీ గోడ అవతల," అందావిడ.

స్కేలక్క వీడియో ఆపేసి అగ్గిపెట్టె వంక గుడ్లప్పగించి చూసింది. గోడ అవతల చుక్క! ఇన్నేళ్ళ ఉద్యోగంలో హద్దు గీత దాటి ఒక్క చుక్క పెట్టి ఎరగదు. చుక్కలు రెండూ బుద్ధిగా కాగితం లోపల ఉండాలని ఆవిడకి ఎవరూ చెప్పలేదు, ఆవిడే అనుకుంది. నాన్న పుస్తకంలో తప్పేమీ లేదు. ఆ పుస్తకం నీళ్ళ ట్యాంకు గీయడమెలాగో చెప్పింది, ఆవిడ నీళ్ళ ట్యాంకే గీసింది. పైగా అందులో మనిషి నేల మీద నిలబడి తలెత్తి ట్యాంకుని చూస్తాడు. కెటిల్‌ని మనం పై నుంచి చూస్తాం. అత్తగారు నిచ్చెన అడిగిందంటే అడగదూ మరి!

నవ్వొచ్చింది. చాలా రోజుల తర్వాత వచ్చిన నవ్వు అది. తనకి చేతకాక కాదు, తెలియక అని తెలియడంలో ఎంత హాయి ఉందో ఆవిడకి అప్పుడు తెలిసింది. చేతకాకపోతే ఎవరూ ఏమీ చేయలేరు. తెలియనిది మాత్రం ఇవాళ కాకపోతే రేపు తెలుస్తుంది.

మర్నాటి నుంచి ఆ ఇంట్లో నడవడం కష్టమైపోయింది. భోజనాల బల్ల మీద కాగితం, కుడివైపు కిటికీ ఊచకి ఒక దారం, ఎడమవైపు వంటగది గుమ్మానికి కొట్టిన మేకుకి ఇంకో దారం. ఆ దారాలు పట్టుకుని లాగి, అవి కాగితం మీదుగా ఏ వాలులో వెళుతున్నాయో చూసి, ఆ వాలులోనే చేత్తో గీత గీస్తుంది. మళ్ళీ లాగుతుంది, మళ్ళీ గీస్తుంది. గుమ్మం దాటాలంటే అందరూ నడుం వంచాలి.

"ఇల్లంతా వల వేశావేంటే? చేపలేమైనా పడ్డాయా?" అన్నాడు భర్త, పళ్ళెం పట్టుకుని దారం కింద నుంచి దూరుతూ.

"నువ్వే పడ్డావు కదరా, ఎన్నేళ్ళ కిందటో," అంది అత్తగారు.

గీసిన ప్రతి బొమ్మా ముందు అత్తగారి దగ్గరికే వెళ్ళేది. ఆవిడకి బొమ్మల గురించి ఓనమాలు కూడా రావు. కానీ ఎంత ఉందో చెప్పమంటే ఇట్టే చెప్పేస్తుంది. మొదట్లో "ఇది డ్రమ్మంత ఉంది" అంది. తర్వాత "బకెట్టంత". ఒకరోజు కాగితం చూసి, చిటికెనవేలూ బొటనవేలూ చాచి బొమ్మ మీద జాన పెట్టి, "ఇది పొయ్యి మీద పెట్టుకోవచ్చు," అంది. స్కేలక్క ఆవిడని గట్టిగా వాటేసుకుంది. ఆవిడ విడిపించుకుని, "ఆ మూత మాత్రం ఒక పక్కకి జారిపోతోంది, చూసుకో," అంది.

నిజమే, జారిపోతోంది. గుండ్రటి మూత వాలుగా చూస్తే కోలగా కనపడుతుంది. ఆ కోల ఎటు వాలాలో తెలియక ఆవిడ ఇంకా తంటాలు పడుతూనే ఉంది. బండి చక్రానికి ఇరుసు ఉన్నట్టే మూతకి కూడా నడిమధ్య నుంచి ఒక ఇరుసు దూరినట్టు ఊహించుకోమనీ, కోల ఎప్పుడూ ఆ ఇరుసుకి అడ్డంగానే ఉంటుందనీ అదే వీడియో ఆవిడ ఇంకో పాఠంలో చెప్పింది. చిత్తుకాగితాల నిండా కోలలే. పాత బిల్లుల వెనకా, రొట్టెల కాగితాల మీదా, ఆఖరికి ఆవిరి పట్టిన కిటికీ అద్దం మీద కూడా.

ఇక స్టీలు. బూడిదరంగు పులిమితే అది సిమెంటులా కనపడుతోంది. ఒక పొద్దున ఒక స్టీలు గ్లాసు కిటికీ పక్కన బల్ల మీద పెట్టుకుని దాని ముందు కూర్చుంది. చూడగా చూడగా ఆ గ్లాసుకి సొంత రంగంటూ ఏమీ లేదని తేలింది. పైన కిటికీ వెలుగు తెల్లగా, కింద బల్ల రంగు, ఆ రెంటికీ మధ్య నల్లటి పట్టీ ఒకటి, అంచు పదునుగా. తెల్లటి చోట కాగితం అలాగే వదిలేసి, నల్లటి చోట ధైర్యంగా నల్లగా వేసింది. కాగితం మీద కెటిల్ తళతళలాడింది. అన్ని మార్కర్లు కొంటే అక్కరకొచ్చినవి మూడే.

కొన్ని వారాలకి దారాలు దండగైపోయాయి. చుక్కలు ఎక్కడున్నాయో చేతికే తెలిసిపోయింది. కానీ అసలు భయం ఇంకా అలాగే ఉంది. ఇంట్లో గీయడం వేరు, కొనేవాళ్ళ ఎదుట గీయడం వేరు. చూస్తూ చూస్తూ ఉండగానే తప్పుగీత పడితే? డ్రాయింగు గీసేవాళ్ళకి కాగితం మీద అదనపు గీత ఉండడమంటే నలుగురిలో చీర చెంగు జారినంత పని. రబ్బరు పెట్టి రుద్దే టైము అక్కడ ఎవరిస్తారు? రోజు దగ్గర పడేకొద్దీ ఆవిడకి అన్నం సహించడం మానేసింది. భర్త మాత్రం, "వాళ్ళు నిన్ను కొరుక్కుతింటారా ఏంటి? పోతే అట్టపెట్టెలు," అంటూ ఎప్పటిలాగే చెప్పులీడ్చుకుంటూ తిరిగాడు. ఒక్కోసారి ఆ మనిషిని స్కేలుతో నాలుగు తగిలించాలనిపించేది.

ఆ రోజు రానే వచ్చింది. పొద్దున్నే భర్త ఆవిడని రొట్టెల వానులో ఎక్కించుకొచ్చి గేటు దగ్గర దింపాడు. పొడుగాటి బల్లకి ఒక చివర యజమాని, ఆయన పక్కన డిజైన్ సార్. ఎదురుగా అతిథిగృహాలు నడిపే ఆవిడ, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని. స్కేలక్క ముందుగా గీసి తెచ్చిన కెటిల్ బొమ్మ అట్ట మీద అంటించి పెట్టారు. వచ్చినావిడ దాన్ని చూసి బాగుందంది. అక్కడితో అయిపోతే ఎంత బాగుణ్ణు అనుకుంది స్కేలక్క.

"కానీ చూడండి, మా దగ్గర దిగేవాళ్ళలో ముసలివాళ్ళు ఎక్కువ," అందావిడ. "పిడి పక్కనుంటే వంచేటప్పుడు మణికట్టు మెలి తిరుగుతుంది. నిండు కెటిల్ ఎత్తలేకపోతున్నామంటున్నారు. పిడి పైన పెడితే ఎలా ఉంటుంది? చూపించగలరా?"

యజమాని స్కేలక్క వైపు చూశాడు. డిజైన్ సార్ బల్ల వైపు చూశాడు.

ఆవిడ తెల్లకాగితం ముందుకి లాక్కుంది. హద్దు గీసుకోవడానికి చెయ్యి తనంతట తనే కదిలింది, ఆపుకుంది. ముందు నిలువుగా ఇరుసు, దాని మీద కింద ఒక కోల, పైన ఒక కోల, రెంటినీ కలుపుతూ కెటిల్ ఒళ్ళు. మణికట్టు కదల్లేదు, భుజం కదిలింది. మూత మీదుగా వంతెనలా పిడి గీసింది. గీస్తూనే తెలిసిపోయింది, అది తప్పుగీత. మరీ కిందికి వచ్చింది.

"ఇక్కడ ఆవిరి చేతికి తగలదూ?" అంది వచ్చినావిడ వెంటనే.

తగులుతుంది. స్కేలక్క రబ్బరు కోసం చూసింది. రబ్బరు దూరంగా ఉంది. దాన్ని వదిలేసి ఆ తప్పుగీత మీదుగానే ఇంకో గీత గీసింది. పిడి కొంచెం పైకి లేచింది, కొంచెం వెనక్కి వాలింది.

"వెనక్కి వాలిస్తే చెయ్యి ఆవిరికి దూరంగా ఉంటుందండి. ఇదిగో, ఆవిరి కన్నాలు మూతకి ముందు వైపు పెడదాం, ముక్కు దగ్గర."

"మరి వంచేటప్పుడు?"

"వంచినప్పుడు ఇలా ఉంటుంది." పక్కనే ఇంకో కెటిల్, వంగినది, చిన్నది. దాని ఇరుసు కూడా వాల్చి గీసింది. "కానీ పిడి ఒకవైపే అతికితే బరువుకి ఊగుతుంది. రెండు వైపులా పట్టు కావాలి. అచ్చులవాళ్ళు గొణుగుతారు కానీ చేస్తారు."

తర్వాత ఏం జరిగిందో ఆవిడకి వరసగా గుర్తులేదు. వచ్చినావిడ అడుగుతోంది, ఈవిడ గీస్తోంది. యజమాని కూడా కుర్చీ దగ్గరికి జరుపుకుని, ముక్కు పొట్టిగా ఉండాలని వాదానికి దిగాడు. డిజైన్ సార్ కాదన్నాడు. "రెండూ గీస్తాను, చూడండి, ఊరికే అరుచుకోకండి," అంది స్కేలక్క. ఆ మాట అన్నది తనేనని ఆవిడకి తర్వాత ఎప్పుడో తట్టింది. కాగితం నిండా తప్పుగీతలు, వాటి మీద ఒత్తి గీసిన ఒప్పుగీతలు. చివర్లో వచ్చినావిడ కాగితం తన వైపు తిప్పుకుని, ఆ గీసిన పిడి మీద నాలుగు వేళ్ళు పెట్టి, నిజంగా పట్టుకున్నట్టు ముడిచింది.

"కొంచెం లావు చేయండి. మా వాళ్ళ వేళ్ళు సరిగ్గా ముడుచుకోవు."

స్కేలక్క పిడి లావు చేసింది.

ఆ తర్వాత వాళ్ళు ముగ్గురూ లేచి, ధరలు మాట్లాడుకుంటూ బయటికి వెళ్ళిపోయారు. ఆవిడతో ఎవరూ ఏమీ అనలేదు. బాగుందనలేదు, బాగాలేదనలేదు. పెన్సిళ్ళు డబ్బాలో పెట్టుకుని, డబ్బా మూసి, ఆ గదిలో ఒక్కతీ కూర్చుంది. ఇందాకటి హుషారంతా దిగిపోయింది. ఆ తప్పుగీత ఒక్కటీ పడకుండా ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది. అట్టపెట్టెలకి కూడా మంచి కాగితమే వాడతారు కదా అని తనకి తనే సర్దిచెప్పుకోబోయింది.

డిజైన్ సార్ తలుపు తోసుకుని హడావిడిగా వచ్చాడు.

"అక్కా, మీరిక్కడున్నారా? వెతుకుతున్నాను. వాళ్ళకి ఈ కెటిల్‌తో పాటు నీళ్ళ జగ్గు కూడా కావాలట. రేపు పొద్దున్నే మొదలుపెట్టాలి. నాలుగైదు రకాలు గీసి ఉంచండి."

"ఎక్కడ సార్?"

"ఎక్కడంటే?"

"నేను... ఏ గదిలో కూర్చుని గీయాలి?"

ఆయనకి అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక ఆ మెత్తటి మనిషి మొహం ఎర్రబడింది. "అయ్యో అక్కా, మీకెవరూ చెప్పలేదా? మీ గదిలోనే. మీరు పిడి వెనక్కి వాల్చినప్పుడే యజమాని గారు నా మోకాలి మీద తట్టారు. అక్కడే తేలిపోయింది. నేనే ముందు చెప్పాల్సింది."

ఆవిడ సరే సార్ అంది. మెట్ల దాకా మామూలుగా నడిచింది. మెట్ల మలుపులో ఎవరూ లేరని చూసుకుని కూలబడిపోయింది. ఏడ్చింది, నవ్వింది, చెంగుతో మొహం తుడుచుకుని మళ్ళీ నవ్వింది. గుండె మీద నుంచి కొండంత బరువు దిగిపోయింది. ఇన్నాళ్ళూ ఊపిరి సగమే పీలుస్తున్నానని, పూర్తిగా పీల్చాక కానీ ఆవిడకి తెలియలేదు.

భర్తకి ఫోను చేసింది. ఒక్కసారి మోగీ మోగగానే ఎత్తాడు.

"ఏమైంది?" అన్నాడు.

"నా గదిలోనే ఉంటాను. ప్యాకింగ్ లేదు, ఏం లేదు. రేపటి నుంచి జగ్గు."

అవతల్నుంచి పెద్ద నిట్టూర్పు వినపడింది. "హమ్మయ్య," అన్నాడు. ఇంకోసారి అన్నాడు. "హమ్మయ్య."

"ఎక్కడున్నావు? బండి చప్పుడు లేదేం?"

"ఇక్కడే. మీ ఫ్యాక్టరీ గేటుకి ఎదురుగా, రోడ్డు అవతల."

"ఈ టైములో ఇక్కడేం పని? రొట్టెలు దించేశావా?"

"దించలేదే. పొద్దున నిన్ను దింపాక ఎంత గట్టిగా పట్టుకున్నా స్టీరింగ్ మీద చేతులు ఆగలేదు. వణుకు. ఎక్కడైనా గుద్దేస్తానేమోనని బండి పక్కన ఆపేశాను. అప్పట్నుంచీ ఇక్కడే కూర్చున్నాను."

ఇల్లు కాలిపోతున్నా టీ తాగి వచ్చే మనిషి! రోజూ పళ్ళికిలించి అట్టపెట్టెలంటూ తిరిగిన మనిషి, పొద్దున్నుంచీ టీ కూడా తాగకుండా రోడ్డు పక్కన కూర్చున్నాడు. గబగబా మెట్లు దిగి గేటు దాటి వెళ్ళింది. వాను వెనకంతా రొట్టెల వాసన, ముందు సీట్లో ఆయన, కళ్ళు ఎర్రగా. ఆవిడ పక్క సీట్లోకెక్కి తలుపు వేసుకుంది. ఇద్దరూ మొహమొహాలు చూసుకుని నవ్వడం మొదలుపెట్టి చాలాసేపు ఆపలేకపోయారు.

ఆ రోజు రొట్టెలు దుకాణాలకి సాయంత్రం కానీ చేరలేదు. అడిగినవాళ్ళందరికీ టైరు పంక్చరయిందని చెప్పాడు.